రైలు దాటేదాకా రాజుగారి నీళ్ళు

దానమ్మకీ రైలుకీ తగాదా ఈనాటిది కాదు. ఆమె లంకపేటకి కాపురానికొచ్చిన కొత్తలో మొదలైంది. ఇప్పుడు మనవడు బడికెళ్తున్నా చల్లారలేదు. అలాగని ఆమె రోజూ రైలెక్కే మనిషీ కాదు. ఏడాదికి ఓసారి ఏలూరులో కూతురు మెర్సీ దగ్గరికి వెళ్తుంది, అదీ బస్సులోనే. రైలు ఆలస్యమైతే ఎక్కేవాళ్ళు తిట్టుకోవడం ఎక్కడైనా ఉంది. ఎక్కని మనిషి ప్లాట్‌ఫాం మీదికొచ్చి మరీ తిట్టడం మాత్రం లంకపేట హాల్టులోనే చూడాలి.

పొద్దున ఆరు కొట్టేసరికి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, భుజాన పార వేసుకుని హాల్టు ముందు నిలబడేది. టికెట్లిచ్చే ఉదయ్ కిరణ్ అప్పుడే కిటికీ తీస్తుండేవాడు.

"ఏం బాబూ, ఎక్కడ చచ్చింది?"

"మండవల్లిలో ఆగిందండీ."

"మండవల్లిలో దానికేం పని? చుట్టాలేమైనా ఉన్నారా?"

"క్రాసింగండీ."

"మీకు క్రాసింగు. నాకు చేను. చెప్పు మీవాళ్ళకి, కదలమని."

ఉదయ్ కిరణ్ చెబితే కదిలే రైలు కాదది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కానీ ఎవరినో ఒకరిని అనకపోతే కడుపులో మంట చల్లారదు కదా! ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు అందరూ జ్వరాలూ, పరీక్షలూ, సంబంధాలూ చెబుతుంటే దానమ్మ లేచి, "పొద్దుటి బండి టైముకి రావాలనీ, సాయంత్రం బండి కాస్త నిదానంగా రావాలనీ ప్రార్థన చెయ్యండి అయ్యగారూ" అనేది.

"రెండూ ఒకటే బండి కదమ్మా" అనేవారు పాస్టరు ఆనంద్ పాల్ గారు. "అటు పోయి ఇటొస్తుంది."

"దేవుడికి కష్టమేముందండి అందులో?"

ఆనంద్ పాల్ గారు వేదాంత కళాశాలలో చదువుకున్న మనిషే గానీ, ఈ ప్రశ్నకి అక్కడ జవాబు నేర్పలేదు. కళ్ళు మూసుకుని రైలుని కూడా కలిపి ప్రార్థించేవారు.

ఇంతకీ రైలుకీ ఆమె చేనుకీ ఏమిటి సంబంధం? అక్కడే ఉంది కథంతా.

లంకపేట చుట్టూ ఎటు చూసినా నీళ్ళే. ఒక పక్క కొల్లేరు, ఒక పక్క ఉప్పుటేరు, మధ్యలో చేపల చెరువులు. అయితే ఉప్పుటేటి నీరు ఎండాకాలానికి ఉప్పెక్కుతుంది, చెరువుల నీరు వరి వేరుకి పడదు. వరికి పనికొచ్చే మంచినీళ్ళు కాలవ నుంచి ఒక పంట బోదెలో సన్నగా, ఎవరినో బతిమాలుకుంటూ వచ్చినట్టు వస్తాయి. ఆ బోదె చిట్టచివర, రైలు కట్టని ఆనుకుని, రెండే చేలున్నాయి. ఒకటి అబ్బాయిరాజు గారిది, ఐదెకరాలు. రెండోది దానమ్మది, ఎకరంన్నర. రెండింటి మధ్యా ఒక తూము, దానికో చెక్క పలక. పలక ఇటు వేస్తే నీళ్ళు రాజుగారి చేలోకి, అటు వేస్తే దానమ్మ చేలోకి. మూడో దారి లేదు.

పూర్వం ఈ పలక కోసం రాజుగారి తండ్రి పెదరాజు గారికీ, దానమ్మ మామ యాకోబుకీ ఎండాకాలపు రెండో పంట, దాళ్వా, వచ్చిందంటే చాలు, రోజూ గొడవే. చివరికి ఊళ్ళో పెద్దలు కూర్చోబెట్టి, పూటల లెక్కన పంచుకోమన్నారు. పూట ఎప్పుడు మారిందో చెప్పేదెవరు? ఊరి మొత్తానికీ గడియారం పెదరాజు గారి చేతికే ఉంది. దాని ముళ్ళు తిప్పే మీట కూడా ఆ చేతికే ఉందని యాకోబు అన్నాడు. అందుకని రైలుని మధ్యవర్తిగా పెట్టుకున్నారు. రైలుని ముందుకీ వెనక్కీ తిప్పడం రాజుగారి వల్ల కూడా కాదు. సాయంత్రం బండి దాటిన దగ్గర్నుంచి పొద్దుటి బండి దాటేదాకా నీళ్ళు రాజుగారివి. పొద్దుటి బండి దాటిన దగ్గర్నుంచి సాయంత్రం బండి దాటేదాకా యాకోబువి. గూడ్సు బళ్ళూ, ఇక్కడ ఆగని దూరం బళ్ళూ లెక్కలోకి రావు. ఇద్దరూ ఒప్పుకున్నారు. మాటంటే మాటే అనుకున్నారు.

ఆ ఇద్దరూ పోయారు. మాట మిగిలింది. అందుకే పొద్దుటి బండి మండవల్లిలో గంటసేపు నిలబడితే ఇక్కడ దానమ్మకి గంట నీళ్ళు పోతాయి.

ఇక అబ్బాయిరాజు గారి సంగతి. ఆయన మర్యాద గురించి ఆకివీడు దాకా చెప్పుకుంటారు. దారికి అడ్డంగా గేదె పడుకుంటే "కొంచెం జరుగుతారాండీ" అంటారు. చిన్నా పెద్దా, కులం గోత్రం లేకుండా అందర్నీ మీరనే అంటారు. ఇంత మర్యాదస్థుడితో పోట్లాడ్డం మహా కష్టం. మనం అరిస్తే మనకే సిగ్గేస్తుంది. ఆయనకి జీవితంలో రెండే రెండు పట్టుదలలు. ఒకటి, నాన్నగారి మాట దాటకూడదు. రెండోది, చుట్టూ ఉన్న చేలన్నీ చేపల చెరువులైపోయినా తన ఐదెకరాలూ వరి చేనుగానే ఉండాలి. పక్క చేను ప్రసాదరావు గారు చెరువు తవ్వించినప్పుడు, గట్టు పోసి రాజుగారి మురుగు దారి కూడా మూసేశారు. రాజుగారు మర్యాదగా బాధపడ్డారు, మర్యాదగానే ఊరుకున్నారు.

ఈ ఏడు దాళ్వాలో, చేలు సరిగ్గా కంకి పుట్టే చిరుపొట్ట మీదున్నప్పుడు, ఉప్పుటేటి మీద రైలు వంతెనకి మరమ్మతులొచ్చాయి. పొద్దున దానమ్మ హాల్టుకి వెళ్ళేసరికి ఉదయ్ కిరణ్ కిటికీ మూసి, తాళం వేసి, మోటారు సైకిలెక్కుతున్నాడు.

"రైలు లేదండీ. పనులయ్యేదాకా ఈ లైన్లో ఏ బండీ రాదండి. దూరం బళ్ళన్నీ ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా తిప్పేశారు. మన బండి రద్దండీ."

"పనులెప్పటికవుతాయి?"

"అయినప్పుడండీ."

దానమ్మ అక్కడే కూలబడింది. ఏలూరు వాళ్ళకి పగలనక రాత్రనక బోలెడు రైళ్ళు, వాళ్ళకి ఏ వంతులూ లేవు. నీళ్ళు తిప్పాల్సిన ఒక్క బండీ ఇక్కడ లేకుండా పోయింది. అంతకు ముందు సాయంత్రం బండి దాటింది కాబట్టి ఇప్పుడు నీళ్ళు రాజుగారివి. పొద్దుటి బండి దాటేదాకా ఆయనవే. ఆ బండి ఎప్పుడు దాటుతుందో దేవుడికే తెలియాలి.

గబగబా గట్టు మీదికి వెళ్ళింది. రాజుగారు అప్పటికే తూము దగ్గర తువ్వాలు పరుచుకుని కూర్చుని, పట్టాల వైపు చూస్తున్నారు.

"రాజుగారండీ, రైలు రాదంటండి."

"విన్నానండీ దానమ్మగారండీ. చాలా బాధగా ఉందండి."

"మరి పలక తియ్యండి."

"రైలు దాటలేదు కదండీ."

"రానే రాని రైలు ఎలా దాటుద్దండీ?"

"అదేనండి నేనూ ఆలోచిస్తున్నాను." నిజంగానే ఆలోచిస్తున్నారు. "మా నాన్నగారూ, మీ మామగారూ ఇచ్చి పుచ్చుకున్న మాట అండి. వాళ్ళుంటే మార్చేవారు. మార్చడానికి మనమెవరమండీ? బండి రానివ్వండి, పలక నేనే స్వయంగా ఎత్తి మీకు అందిస్తానండి."

ఏమనాలి ఈ మనిషిని? దొంగైతే తిట్టొచ్చు. ఇంటికొచ్చి దానమ్మ అన్నం గిన్నె మీద గరిటెతో గట్టిగా ఒకటి వేసింది. ఆ ఎకరంన్నరే వాళ్ళ ఇంటికి ఏడాది అన్నం. మొగుడు చిట్టిబాబు ఆకివీడులో చేపల లారీలకి ఐసు కొట్టే పనిలో ఉన్నాడు, ఆ కూలి పైఖర్చులకే చాలదు. చిరుపొట్టలో చేను ఎండితే కంకి రాదు. వచ్చినా తాలే.

కాలవకి నీళ్ళు వదిలే లస్కరుని పట్టుకుంది. బోదె చివరి గొడవలు తన పరిధిలోకి రావన్నాడు. పాస్టరు గారిని పట్టుకుంది. ఆయన రాజుగారి దగ్గరికి వెళ్ళి, చక్కటి కాఫీ తాగి, మాట నిలబెట్టుకోవడం ఎంత గొప్ప గుణమో విని, ఏం చేయడానికి వెళ్ళారో మరిచిపోయి తిరిగొచ్చారు.

అయితే నీళ్ళకి మర్యాద తెలియదు కదా. బోదెలో వచ్చిన నీళ్ళన్నీ పగలూ రాత్రీ రాజుగారి చేలోకే పోతున్నాయి. ఏ రోజైనా ఆయనకి కావలసింది పూట నీళ్ళే. ఇప్పుడు రెండు పూటలవీ ఆయన నెత్తినే పడుతున్నాయి. బయటికి పోవడానికి మురుగు దారి లేదు, ప్రసాదరావు గారి చెరువు గట్టు అడ్డం. ముందు మడమలు మునిగాయి, తర్వాత పిక్కలు, తర్వాత వరి దుబ్బులు. వారం తిరిగేసరికి చేలో నీటికోళ్ళు దిగాయి. ఆ తర్వాత ఎక్కడ్నుంచొచ్చాయో చేపలు కూడా దిగాయి. ఊళ్ళో పిల్లలు గేలాలు పట్టుకుని గట్టు మీద బారులు తీరితే రాజుగారు "జాగ్రత్తగా కూర్చోండి, జారతారండీ" అంటూ తిరిగేవారు.

అసలు దెబ్బ ప్రసాదరావు గారి నోటి నుంచి పడింది. ఆయన మోటారు సైకిలాపి, చేనంతా కలయజూసి, చెయ్యెత్తి అభినందించారు. "మొత్తానికి మీరూ చెరువు పెట్టేశారన్నమాట రాజుగారూ! మంచి పని చేశారు. చేప పిల్ల కావాలంటే నా దగ్గరుందండి, బొచ్చె పిల్ల."

అబ్బాయిరాజు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదని ఊరంతా చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే తూము దగ్గర దానమ్మ కోసం కాచుకుని కూర్చున్నారు. ఆమె రాగానే లేచి నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"దానమ్మగారండీ, ఆలోచించానండి. మీ చేను చూస్తే నా మనసు ఊరుకోవడం లేదండి. ఈ ఒక్కసారికి నీళ్ళు మీరు తీసుకోండి."

దానమ్మ చెయ్యి పలక దాకా వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. ఆయన మాటల్లో ఏదో ముల్లులా గుచ్చుకుంది. ఈ ఒక్కసారికి. అంటే రేపు మళ్ళీ లైను పాడైతే? మళ్ళీ వచ్చి ఈ గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడాలి. ఆయన మనసు ఊరుకోకపోతే నీళ్ళు, ఊరుకుంటే లేవు. ఇన్నేళ్ళూ రైలు దయ మీద బతికింది, ఇకనుంచి రాజుగారి దయ మీద బతకాలన్నమాట. రైలే నయం, దానికి దయ చూపిస్తున్నానన్న సంగతైనా తెలియదు.

"వద్దండీ" అంది.

"ఎందుకండీ?"

"రైలు దాటలేదు కదండీ రాజుగారండీ. నీళ్ళు మీవండి. మీ నాన్నగారి మాట మీరెలా తప్పుతారండి? నా మూలంగా మీకా చెడ్డపేరెందుకండీ?" ఆమెకి కూడా ఇంత మర్యాద వచ్చునని ఆమెకే అప్పటిదాకా తెలియదు. "బండొచ్చేదాకా నేను చుక్క ముట్టుకోనండి."

రాజుగారు నోరు తెరిచారు. తనకి తానే కట్టుకున్న కట్టు అది. విప్పమని ఎవరినడుగుతారు? మోకాలి లోతు నీళ్ళు నిలిచిన చేను పక్కన నిలబడి, వెళ్ళిపోతున్న దానమ్మ వీపు కేసి చూస్తూ ఉండిపోయారు.

ఇంటి దగ్గర చిట్టిబాబు ఎగిరాడు. "ఇస్తానంటే వద్దంటావేంటే? బుద్ధుందా నీకు? చేను బీటలు తీసేసింది. నీ పంతం వండి పెడతావా ఏడాదంతా?"

"నువ్వూరుకో."

"ఊరుకోక చేసేదేముంది, అన్నం లేనప్పుడు నోరు మూసుకోవడమే కదా!"

పైకి ఊరుకోమంది గానీ దానమ్మకి లోపల భయంగానే ఉంది. రెండు రోజులు ఆగింది. మూడోనాడు చేలోకి వెళ్ళి కూర్చుని, బీటలో వేలు పెట్టి చూసింది. వేలు మొత్తం దిగిపోయింది. ఆకులు మధ్యాహ్నం కాకుండానే చుట్టలు చుట్టుకుంటున్నాయి. ఇంకొక్క రోజు తప్పితే ఇక దేవుడొచ్చినా ఆ చేను లేవదు. అక్కడ ఎవరూ లేరు కాబట్టి దానమ్మ బాగా ఏడ్చింది. యాకోబు మామ చేత్తో గట్లు కట్టిన చేను అది. పంతం కోసం దాన్ని చంపుకుంటున్నానా అనిపించింది. అనిపించాక ఇక నిలబడలేకపోయింది. పంతం పోతే పోనీ, దయే అయితే అయింది, వెళ్ళి పలక తీసుకుంటాననుకుంది. ఇంటికొచ్చి మొహం కడుక్కుని, పార భుజాన వేసుకుని గుమ్మం దాటబోయింది.

వీధిలో ఎదురుగా అబ్బాయిరాజు గారు నిలబడి ఉన్నారు. పంచె మోకాళ్ళ దాకా బురద.

దానమ్మ పారని చప్పున తలుపు చాటుకి నెట్టేసింది.

రాజుగారు దానమ్మ వాళ్ళ పేటలోకి రావడం అదే మొదలు. వీధిలో వాళ్ళంతా తలుపుల్లోకి వచ్చేశారు. చిట్టిబాబు కంగారుగా ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేస్తే కూర్చున్నారు. మంచినీళ్ళిస్తే తాగారు. వాళ్ళ నాన్నగారైతే ఆ రెండూ చేసేవారు కాదు. ఆ మేరకు కాలం మారిందని ఒప్పుకోవాలి.

"దానమ్మగారండీ, మీ చేనూ పోతోంది, నా చేనూ పోతోందండి. రైలు మాత్రం రావడం లేదండి. ఏం చేద్దామంటారు?"

"మీరే చెప్పాలండి. మాట మీదండి."

"మాట మార్చడానికి పెద్దవాళ్ళు లేరు కదండీ."

"మార్చమని నేననట్లేదండి. ఆ మాట వాళ్ళది. వాళ్ళతోటే పోయింది. నాకెవరూ ఏ మాటా ఇవ్వలేదండి రాజుగారూ. పెదరాజు గారు మా మామకిచ్చారు. ముప్పై ఏళ్ళ నుంచి ఆ చేను నేను చేస్తన్నాను. మా ఆయనకి తూమెక్కడుందో కూడా తెలీదు." చిట్టిబాబు ఏదో అనబోయి, నిజమే కదా అని ఊరుకున్నాడు. "నాకు నీళ్ళు దానంగా వద్దండి. నాకో మాటివ్వండి. మీ మాట. దానమ్మకి అబ్బాయిరాజు ఇచ్చిన మాట."

ఆమె అడిగింది తప్పని అబ్బాయిరాజు గారికి అనిపించలేదు. అరవై ఏళ్ళొచ్చాయి, నాన్నగారి మాట ఎన్నడూ తప్పలేదు, నిజమే. కానీ సొంతంగా ఎవరికైనా ఒక మాట ఇచ్చానా అని వెతుక్కుంటే ఆయనకి ఒక్కటీ దొరకలేదు. ఇవ్వాలంటే ఇంత భయంగా ఉంటుందని కూడా ఆయనకి తెలియదు. నీళ్ళ గ్లాసు రెండు చేతులా పట్టుకున్నారు.

"ఏ లెక్కనివ్వమంటారండీ?" అన్నారు చివరికి.

"పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా నాది. మిగతాది మీది. రైలొచ్చినా ఆరే, రాకపోయినా ఆరే."

"ఎవరి గడియారం ప్రకారం అండీ?"

దానమ్మ కొంగున కట్టుకున్న ఫోను తీసింది. రాజుగారు జేబులోంచి తనది తీశారు. రెండూ పక్కపక్కన పెట్టి, ఇద్దరూ తలలు వంచి చూశారు. రెండింట్లోనూ ఒకటే టైము. మళ్ళీ చూశారు. అప్పుడూ ఒకటే. ఒక గడియారాన్ని నమ్మలేక ఇద్దరు పెద్దమనుషులు ఒక రైలుకి లోబడిన సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది కాబోలు, ముందు దానమ్మ నవ్వింది. తర్వాత రాజుగారు, చాలా మర్యాదగా, తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

తర్వాత ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వీధంతా వింటుండగా, "ఇది దానమ్మగారికి నేనిస్తున్న మాట" అన్నారు. దానమ్మ తల ఊపింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ, ఆ నీళ్ళు ఆయన వంతు కాదు కాబట్టి చూపించలేదు.

ఇద్దరూ కలిసి తూము దగ్గరికి వెళ్ళారు. పలక దానమ్మే తీసింది. నీళ్ళు బోదె తిరిగి ఎండు చేలోకి దిగాయి. బీటలు నీళ్ళు తాగుతుంటే చేనంతా బుడబుడమంది. ఆమె ఒక మడి నుంచి ఇంకో మడికి పరిగెత్తుతూ, పారతో దారులు చేస్తూ, భోజనం సంగతే మర్చిపోయింది. అంత చేసినా సాయంత్రానికి సగం చేనే తడిసింది. మిగతా సగం అటు ఎండిపోయి ఆమె వైపే చూస్తోంది.

ఆరు కావస్తోంది. దానమ్మ ఫోను చూసుకుంది, ఎండు మళ్ళకేసి చూసింది, మళ్ళీ ఫోను చూసుకుంది. మాట తీసుకున్న మనిషి మొదటి రోజే తప్పితే ఎలా? కాళ్ళీడ్చుకుంటూ తూము దగ్గరికి వచ్చింది. రాజుగారు అప్పటికే అక్కడున్నారు. ఆమె వంగి పలక రాజుగారి వైపు తిప్పబోయింది.

రాజుగారు మునిగిపోయిన తన చేను కేసి చూసి హడలిపోయారు. "ఆగండి ఆగండి దానమ్మగారండీ. ఈ ఒక్కసారికి..." అని, ఆ మాట నోట్లోనే మింగేసి, నాలిక కరుచుకున్నారు. చేతులు జోడించారు. "కాదండి. బతిమాలుతున్నానండీ. ఈ రాత్రి నా వంతు కూడా మీరే పెట్టుకుని నన్ను ఒడ్డున పడేయండి. మీ రుణం ఉంచుకోనండి."

దానమ్మ నడుం నిటారుగా చేసుకుంది. అబ్బాయిరాజు గారిని ఎగాదిగా చూసింది. ఆకాశం కేసి కాసేపు చూసింది. తొందరేమీ లేనట్టు చీర కొంగు దులుపుకుంది.

"మీరంతలా అడుగుతుంటే కాదనలేను కదండీ" అంది.